నాటకం నేర్చుకోవాలనుకునే విశాఖ విద్యార్థి ఎక్కడ చేరాలి: నాటక సమాజంలోనా, విశ్వవిద్యాలయంలోనా, ఢిల్లీలోనా?

మా నాటక సమాజం రిహార్సల్సుకు వచ్చే ఇంటర్, డిగ్రీ విద్యార్థులు ఏటా పరీక్షలు ముగిసే రోజులలో అడిగే ప్రశ్న ఒకటే. "మాస్టారూ, నాటకం సరిగ్గా నేర్చుకోవాలంటే ఎక్కడ చేరమంటారు?" కొన్నాళ్ళకు వాళ్ళ తల్లిదండ్రులు కూడా వచ్చి, కాస్త భయంగా, ఇంకాస్త మొహమాటంగా అదే అడుగుతారు. విశాఖపట్నంలో ఉన్న విద్యార్థికి నాలుగు దారులు అందుబాటులో ఉన్నాయి. ఊళ్లోని నాటక సమాజంలో చేరడం మొదటిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనో హైదరాబాదులోనో రంగస్థల కళలు చదవడం రెండవది. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా వంటి పూర్తికాలపు శిక్షణకు వెళ్లడం మూడవది. రుసుము తీసుకుని కొన్ని వారాలో నెలలో నటన నేర్పే ప్రైవేటు శిక్షణ నాలుగవది. వీటిలో ఏది గొప్పదని అడిగితే నేను జవాబు చెప్పను. నాటకంలో నువ్వు ఏ పని చేయదలచుకున్నావో చెప్పమని తిరిగి అడుగుతాను, ఎందుకంటే ఒక్కొక్క చోట ఒక్కొక్క పని బాగా వస్తుంది.

ఈ ప్రశ్నకు చాలామంది వెంటనే "నటన" అంటారు. వాళ్ళు చూసిన నాటకంలో కనిపించినవాడు నటుడొక్కడే కనుక అందులో వింతేమీ లేదు. కానీ గంటసేపు నడిచే నాటికకు దర్శకుడు, రచయిత, సెట్టు వేసేవాళ్ళు, లైటింగ్ చూసేవాడు, మేకప్‌మేన్, సంగీతం నడిపేవాడు, ప్రాంప్టరు, సామాను లెక్క చూసుకునే మనిషి, ఇంతమంది కావాలి. నటుడు కావాలని వచ్చి ఆరు నెలల తరువాత దీపాల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ల దగ్గర నుంచి కదలనని కూర్చున్నవాళ్ళను నేను చూశాను. అందువల్ల పని తేలకముందే మూడేళ్ళ చదువుకు దరఖాస్తు పెట్టడం తొందరపాటు అని నా అభిప్రాయం.

సమాజం

విశాఖలో నాటక సమాజాలను నిలబెట్టింది ఉద్యోగస్తులు. పోర్టులో, రైల్వేలో, స్టీల్ ప్లాంటులో, బ్యాంకుల్లో, బడుల్లో పనిచేసేవాళ్ళు డ్యూటీ దిగి, సాయంత్రం ఏడింటికి ఏ కమ్యూనిటీ హాలులోనో ఎవరి మేడ మీదనో కూడి, రాత్రి పదింటి దాకా రిహార్సలు చేస్తారు. కళాభారతిలోనో గురజాడ కళాక్షేత్రంలోనో ప్రదర్శన పడుతుంది, లేదా వ్యాను కట్టుకుని మరో జిల్లాలో జరిగే నాటక పరిషత్తు పోటీకి వెళతారు. ఇక్కడ సిలబస్ లేదు, రుసుము లేదు, ధ్రువపత్రం లేదు. అయినా కొత్తవాడికి ఇంతకంటే మంచి ప్రవేశం మరొకటి లేదని గట్టిగా చెబుతాను. కారణం చాలా మామూలుది. సమాజంలో చేరిన మొదటి వారంలోనే చేతికి ఏదో ఒక పని వస్తుంది.

ఆ మొదటి పని సాధారణంగా ప్రాంప్టింగ్. స్క్రిప్టు పట్టుకుని సైడ్ వింగులో నిలబడి, నటుడు తడబడిన చోట మాట అందించడం. పాత్ర ఇవ్వకుండా పుస్తకం చేతికిచ్చారని కొందరు చిన్నబుచ్చుకుంటారు. నిజానికి నాటకం మొత్తం నోటికి వచ్చేది ప్రాంప్టరుకే. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో, ఏ మాట దగ్గర ప్రేక్షకుడు నవ్వుతాడో, ఆ నవ్వు తగ్గేదాకా నటుడు ఎంతసేపు ఆగాలో ప్రాంప్టరుకు తెలిసినంతగా దర్శకుడికి కూడా ఒక్కోసారి తెలియదు.

సమాజంలో పొరపాటు జరిగితే దానిని దిద్దే పద్ధతి కూడా అక్కడికక్కడే ఉంటుంది. నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా ఒక ఊళ్లో పరిషత్తుకు వెళ్ళినప్పుడు, వెయ్యి వాట్ల దీపాలు నాలుగింటిని ఒకే 15 ఆంపియర్ల లైనుకు కలిపాను. తండ్రి పాత్రధారి కొడుకు రాసిన ఉత్తరం చదివే ఘట్టంలో నాలుగో దీపం వెలిగించగానే ఫ్యూజు పోయి స్టేజీ అంతా చీకటైంది. ఆయన ఆగలేదు. అక్షరాలు ఆనడం లేదన్నట్టు కాగితం కళ్ళ దగ్గరకు తెచ్చుకుని, "అమ్మాయీ, దీపం పట్రా" అని లోపలికి కేక వేశారు. కోడలు వేషం వేసినావిడ వింగులో దేవుడి పటం ముందు పెట్టడానికి తెచ్చిన ప్రమిద వెలిగించుకుని వచ్చి ఆయన పక్కన నిలబడింది. ఆ వెలుగులోనే ఉత్తరం పూర్తయింది. ఈలోగా మా పెద్దాయన ఫ్యూజు వైరు మార్చి, ఒక దీపం తీసేసి, నాటిక అయ్యాక కరపత్రం వెనుక వైపు నా చేత లెక్క వేయించారు. 230 వోల్టుల దగ్గర వెయ్యి వాట్ల దీపం సుమారు 4.3 ఆంపియర్లు లాగుతుంది, మూడు కలిస్తే 13, నాలుగు కలిస్తే 17 దాటుతుంది. ఆ లెక్క ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతుంది, అయితే ఆ చీకటిలో నిలబడినవాడికి గుర్తున్నట్టు మరొకరికి గుర్తుండదు.

పద్యం వైపు మొగ్గు ఉన్న విద్యార్థికి ఉత్తరాంధ్ర మరీ అనువైన చోటు. ఇక్కడి పల్లెల్లో పౌరాణిక పద్యనాటకాలు ఇప్పటికీ రాత్రి తెల్లవార్లు ఆడుతున్నారు. హార్మోనిస్టు పక్కన కూర్చుని శ్రుతి, రాగం, పద్యం విరవవలసిన చోటు నేర్చుకోవడం గురుముఖంగానే సాధ్యం. తూర్పు భాగవతం వంటి ప్రాంతీయ రూపాలు కూడా అంతే, మద్దెల వాయించేవారి దగ్గరకు వెళ్ళి కూర్చుంటేనే వస్తాయి.

సమాజానికి ఉన్న లోపాలను దాచను. ఒకే దర్శకుడి దగ్గర ఏళ్ళ తరబడి ఉంటే ఆయన ధోరణే నాటకమని అనిపిస్తుంది. పరిషత్తు పోటీలకు అలవాటుపడిన చోట న్యాయనిర్ణేతను కదిలించే ఏడుపు ఘట్టం మీద ఉన్న శ్రద్ధ మిగతా నాటకం మీద ఉండదు. దేహాన్ని, గొంతును శాస్త్రీయంగా సిద్ధం చేసే వ్యాయామాలు చాలా చోట్ల లేవు, ఉదయానికి గొంతు బొంగురుపోతే మిరియాల పాలు తాగమనడమే వైద్యం. అమ్మాయిలకు మరొక ఇబ్బంది ఉంది. రిహార్సలు రాత్రి పదింటికి ముగిసే చోట వాళ్ళు ఇల్లు ఎలా చేరాలన్నది ముందుగా మాట్లాడుకోవాలి. చేరడానికి ముందు తల్లినో అన్ననో వెంటబెట్టుకుని ఒక రిహార్సలు మొత్తం చూడాలి. ఆ సమాజంలో ఇదివరకే పనిచేస్తున్న స్త్రీలు ఉంటే వాళ్ళతో విడిగా మాట్లాడాలి. ఈ ప్రశ్నలు అడిగినందుకు చిన్నబుచ్చుకునే సమాజంలో చేరనవసరం లేదు.

విశ్వవిద్యాలయం

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అక్కడ రంగస్థల కళలకు ప్రత్యేక విభాగం ఉంది, ప్రాంగణంలో ఆరుబయలు రంగస్థలమూ ఉంది. ఊళ్లోనే ఇల్లు ఉన్న విద్యార్థికి ఇది చిన్న సౌకర్యం కాదు. హాస్టలు ఖర్చు లేకుండా, సమాజంతో సంబంధం తెగకుండా చదువుకోవచ్చు. సమాజం ఇవ్వలేనిది, విశ్వవిద్యాలయం ఇచ్చేది ప్రధానంగా విస్తృతమైన చూపు. నాట్యశాస్త్రం చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయాలు (దేహంతో, మాటతో, వేషంతో, మనోభావంతో చేసేవి) నాలుగూ, గ్రీకు విషాదాంత నాటకం, సంస్కృత రూపకం, యక్షగానం, ఆధునిక నాటకం ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదివినప్పుడు, మన పరిషత్తు నాటిక ఎక్కడి నుంచి వచ్చిందో, దానిలో ఏమి మారవచ్చునో అర్థమవుతుంది. 1892లో ఇక్కడికి సుమారు అరవై కిలోమీటర్ల దూరంలోని విజయనగరంలో తొలిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో ఒక్కొక్క పాత్ర నోట ఒక్కొక్క రకం తెలుగు పలుకుతుంది. యాసను దాచుకోవలసిన లోపంగా భావించే మన పిల్లలకు ఆ నాటకాన్ని తరగతిలో కూర్చుని వాక్యం వాక్యం విప్పి చదవడం ఎంత ధైర్యాన్నిస్తుందో నేను కళ్ళారా చూశాను.

ఆరుబయలు రంగస్థలం గురించి ఒక్క మాట చెప్పాలి. సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక, మెట్ల చివరి వరుసలో ఒక స్నేహితుణ్ణి కూర్చోబెట్టి, మైకు లేకుండా "వాడు నిన్న రాత్రే వెళ్ళిపోయాడు" అనే వాక్యం పలికి, ఏమి వినిపించిందో రాయమనండి. పది మందిలో ఎనిమిది మంది విషయంలో చివరి "డు" గాలిలో కలిసిపోతుంది. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది. క్రియలో ఆ చివరి అక్షరంలోనే ఆడ, మగ, ఏకవచనం, బహువచనం తేలుతాయి. దానిని మింగేస్తే అర్థమే పోతుంది. మైకు కాలర్‌కు తగిలించుకుని నేర్చుకున్నవాడికి ఈ లోపం బయటపడదు.

ఇక హైదరాబాదుతో పోలిక. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూలులో రంగస్థల కళలలో రెండేళ్ళ పీజీ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చిన విద్యార్థులతో కలిసి పనిచేయడం, నృత్యం, చిత్రలేఖనం, ప్రసార మాధ్యమాలు చదివేవాళ్ళు పక్క గదుల్లోనే ఉండడం దాని బలం. బోధన ఎక్కువగా ఇంగ్లిషులో జరుగుతుంది కనుక తెలుగు మాధ్యమంలో చదివినవాళ్ళు మొదటి సెమిస్టరుకు మానసికంగా సిద్ధపడి వెళ్ళాలి. తెలుగు విశ్వవిద్యాలయంలో పద్యనాటకానికీ, జానపద రూపాలకూ చోటు ఎక్కువ. కానీ రాష్ట్ర విభజన తరువాత స్థానికత నిబంధనలు మారాయి కాబట్టి ఆంధ్రప్రదేశ్ విద్యార్థి ఆ ఏటి ప్రకటనలో సీట్ల సంగతి జాగ్రత్తగా చదువుకోవాలి.

అధ్యాపకుడు కావాలనుకునేవాళ్ళకు విశ్వవిద్యాలయం దారి తప్పనిసరి. యూజీసీ నెట్‌లో నృత్యం, నాటకం కలిపి ప్రత్యేకంగా ఒక పేపరు ఉంది. పీజీ లేకుండా ఆ పరీక్షతో అధ్యాపక అర్హత రాదు. ఎన్ని పరిషత్తుల్లో ఉత్తమ నటుడి బహుమతులు వచ్చినా ఆ లోటు తీరదు.

ఏ విభాగంలోనైనా చేరడానికి ముందు అక్కడి రెండో సంవత్సరం విద్యార్థుల దగ్గరకు వెళ్ళి రెండు విషయాలు అడగండి. గడిచిన ఏడాదిలో మీరు ఎన్ని ప్రదర్శనలలో పనిచేశారు? లైట్లు, సౌండు సామాను మిమ్మల్ని స్వయంగా ముట్టుకోనిస్తారా, లేక బీరువాలో తాళం వేసి ఉంటాయా? సైట్లో రాసిన మాటల కంటే ఈ రెండు జవాబులు నమ్మదగినవి.

ఢిల్లీ, బెంగళూరు, హెగ్గోడు

నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాను సంగీత నాటక అకాడమీ 1959లో ప్రారంభించింది. 1975 నుంచి అది స్వయంప్రతిపత్తి గల సంస్థ. చదువు మూడేళ్ళు, పూర్తికాలం. విద్యార్థికి నెలనెలా ఉపకార వేతనం ఉంటుంది. డిగ్రీ పూర్తయి ఉండాలి, హిందీ, ఇంగ్లిషు పని నడిచేంత వచ్చి ఉండాలి, దానితోపాటు కనీసం 6 నాటక ప్రదర్శనలలో పాల్గొని ఉండాలి. ఈ చివరి నిబంధనను మన పిల్లలు పట్టించుకోరు. డిగ్రీ మూడేళ్ళూ సినిమాలు చూస్తూ గడిపి, చివరి ఏడాది దరఖాస్తు తెరిచి చూసి నిరాశపడతారు. ఆ ఆరు ప్రదర్శనలు వచ్చేది మళ్ళీ ఊళ్లోని సమాజం నుంచే. అందుకే సమాజాన్నీ ఢిల్లీనీ ఒకదానికొకటి పోటీగా చూడడం పొరపాటు అంటాను.

ఇక్కడే నటుడికీ సాంకేతిక నిపుణుడికీ నేను వేర్వేరు సలహాలు ఇస్తాను. అక్కడ మొదటి ఏడాది అందరికీ ఒకే చదువు, తరువాత నటన ఒక వైపు, రూపకల్పన, దర్శకత్వం మరొక వైపు చీలుతాయి. లైటింగ్, సెట్టు, దుస్తుల రూపకల్పన మీద మనసున్న విద్యార్థికి అంతటి శిక్షణ, అన్ని రకాల సామాను, అంతమంది దర్శకులతో పని మన రాష్ట్రంలో దొరకవు. దీపానికి భాష లేదు కనుక అతను నేర్చుకున్నది విశాఖకు తెచ్చి మర్నాడే వాడుకోవచ్చు. నటుడి సంగతి వేరు. మూడేళ్ళు హిందీలో ఆలోచించి హిందీలో పలికిన గొంతు తెలుగు వాక్యపు నడకను కొంత మరచిపోతుంది. శరీరం, ఊహ, క్రమశిక్షణ అపారంగా పెరుగుతాయన్నది నిజమే, కానీ తెలుగు నాటకమే జీవితమనుకునే నటుడు ఆ మూడేళ్ళూ రోజుకు అరగంటైనా తెలుగు వచనం, పద్యం పైకి చదువుకోకపోతే తిరిగివచ్చాక కష్టపడతాడు. ఆ సంస్థకు బెంగళూరులో ఉన్న కేంద్రంలో ఏడాది శిక్షణ ఉంది. మూడేళ్ళు ఇంటికి దూరంగా ఉండలేని దక్షిణాది విద్యార్థి దానిని తప్పక పరిశీలించాలి.

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు అనే పల్లెలో నీనాసం ఉంది. 1949లో ఊరివాళ్ళ నాటక సంఘంగా మొదలై, కె.వి.సుబ్బణ్ణ గారి చేతుల్లో ఎదిగి, 1980లో నాటక శిక్షణ కేంద్రం పెట్టింది. ఏడాదికి తక్కువ వ్యవధిలో, పల్లెలోనే ఉంటూ, పొద్దున వ్యాయామం నుంచి రాత్రి ప్రదర్శన దాకా నాటకమే జీవితంగా సాగే శిక్షణ అది. బోధన కన్నడంలో. లిపి మనకు దగ్గరే కానీ మాట పట్టుబడడానికి కొన్ని నెలలు పడుతుంది. ఊరి మనుషులతో ఊరికోసం నాటకం చేయాలనే కోరిక ఉన్నవాళ్ళు, ముందు కన్నడం నేర్చుకుని మరీ వెళ్ళదగిన చోటు.

ప్రైవేటు శిక్షణ

దీని గురించి ఎక్కువ చెప్పను. నేర్పేవారు రంగస్థలం మీద పనిచేసినవారై, చివర ప్రేక్షకుల ముందు ఒక ప్రదర్శన ఉండి, రుసుము ఇంటికి భారం కానప్పుడు నెలా రెండు నెలల శిక్షణ వల్ల మేలే జరుగుతుంది. సినిమా అవకాశం ఇప్పిస్తామని ముందే మాట ఇచ్చే చోట మాత్రం డబ్బు కట్టకండి. మా సమాజానికి వచ్చిన ఒక అబ్బాయి తండ్రి అప్పు చేసి కట్టిన సొమ్ముకు ఆ పిల్లవాడి చేతికి మిగిలింది ఫొటోల ఆల్బమ్ ఒక్కటే. ఆ తండ్రి ముఖం నాకు ఇప్పటికీ కళ్ళ ముందు మెదులుతుంది.

బతుకుతెరువు

తల్లిదండ్రులు అడగవలసినది ఇదే, వాళ్ళు అడగడం న్యాయమే. తెలుగు రంగస్థలం మీద కేవలం నటనతో ఇల్లు గడుపుతున్నవాళ్ళు బహు కొద్దిమంది. పరిషత్తులో వచ్చే బహుమతి సొమ్ము చాలాసార్లు వ్యాను అద్దెకు, భోజనాలకు సరిపోతుంది. నటుడికి పక్క ఆదాయాలు ఉన్నాయి. ఆకాశవాణి నాటక విభాగం స్వర పరీక్ష పెట్టి శ్రేణి ఇస్తుంది, డబ్బింగ్ ఉంది, ప్రభుత్వ ప్రచార కార్యక్రమాలకు కళాజాతలు కడతారు, పిల్లల చేత నాటికలు వేయించడానికి బడులు పిలుస్తాయి. లైటింగ్, సౌండు, సెట్టు పని తెలిసినవాడికి నాటకం లేని రోజున కూడా పని దొరుకుతుంది. సభలు, పెళ్ళిళ్ళు, నృత్య ప్రదర్శనలు, హోటళ్ళలో జరిగే కార్యక్రమాలు అన్నిటికీ అదే నైపుణ్యం కావాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకు రెండేళ్ళపాటు నెలకు 5,000 రూపాయల ఉపకార వేతనం ఇచ్చే పథకంలో నాటకం కూడా ఉంది. అప్పటికే గురువు దగ్గర శిక్షణ పొంది ఉండాలన్నది దాని నియమం.

వీటన్నిటినీ చూసి నేను చెప్పేది ఇది. ఇంటర్ లేదా డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్న విద్యార్థి, చదువు మానకుండా, వెంటనే సమాజంలో చేరి, మొదటి ఏడాది ప్రాంప్టింగ్, సామాను, లైట్లు, మేకప్ గది అన్నీ తిరగాలి. రెండో ఏడాది చివరికి ఏ పని దగ్గర మనసు నిలిచిందో తెలుస్తుంది. తెలుగు నటన, రచన, బోధన అయితే డిగ్రీ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయం. ఇంటి పరిస్థితి అనుకూలిస్తే హైదరాబాదు. రూపకల్పన, దర్శకత్వం అయితే ఢిల్లీకి ప్రయత్నం, అది కుదరకపోతే బెంగళూరు. పద్యం అయితే ఏ దరఖాస్తూ అక్కరలేదు, హార్మోనిస్టు ఇంటికి వెళ్ళడానికి ఒక సైకిలో బస్సు పాసో చాలు.

ఒక దస్త్రం మాత్రం మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి. పనిచేసిన ప్రతి ప్రదర్శన కరపత్రం, ఒక ఫొటో, తేదీ, వేదిక, మీరు చేసిన పని, కింద దర్శకుడి సంతకం. నాలుగేళ్ళ తరువాత ప్రవేశ సంఘం ముందు కూర్చున్నప్పుడు ఆ ఆరు ప్రదర్శనలకు ఆధారం అదే. కరపత్రం మీద పేరు అచ్చుతప్పుతో పడితే, అసలు పడకపోతే, సెట్టు విప్పి వ్యానులోకి ఎక్కించేలోపే దర్శకుడిని పట్టుకుని, సరైన పేరు చేత్తో రాయించి, పక్కన ఆయన సంతకం తీసుకోండి.